మళ్ళీ వెలిగిన పసుపు దీపం

తెనాలిలో పదవీ విరమణ చేసిన ఒక లెక్కల మాస్టారికి చిన్న పెట్రోలు కారు ఉన్నది. 2014లో కొన్న ఆ కారును ఆయన ఏనాడూ విలాసవస్తువుగా భావించలేదు. ఆయన భార్యకు మూత్రపిండాల వ్యాధి. వారానికి రెండుసార్లు రక్తశుద్ధి చికిత్స కోసం ఆమెను విజయవాడ తీసుకువెళ్ళి, సాయంత్రానికి తిరిగి ఇంటికి చేర్చవలసి ఉంటుంది. చికిత్స ముగిసిన తరువాత బస్సులో నిలబడి ప్రయాణం చేసే శక్తి ఆమెకు ఉండదు. అందుచేత ఆ ఇంట్లో కారు మూలపడటమంటే మరొక మనిషి మంచం పట్టినంత పని.

ఒక వర్షాకాలపు ఉదయం విజయవాడ దారిలో, స్టీరింగు ముందున్న పలకమీద ఇంజను బొమ్మ గల పసుపు దీపం వెలిగింది. కారు ఆగలేదు. శబ్దం మారలేదు. వేగమూ తగ్గలేదు. ఏమీ కానట్లే కారు నడుస్తున్నది. ఏదో అయినట్లే దీపం వెలుగుతున్నది. మాస్టారి మనస్సు కుదుటపడలేదు. మరునాడే కారును ఒక మెకానిక్ షెడ్డుకు తీసుకువెళ్ళాడు.

అక్కడి కుర్రవాడు స్టీరింగు కింద ఉన్న సాకెట్టుకు స్కానర్ తగిలించి చూశాడు. పి0135 అనే సంకేతం కనిపించింది. మొదటి ఆక్సిజన్ సెన్సర్‌ను వేడిచేసే విద్యుత్ మార్గంలో లోపం ఉన్నదని ఆ సంకేతానికి అర్థం. "సెన్సర్ పోయింది మాస్టారూ, కొత్తది వేయాలి" అన్నాడతడు. కొత్తది వేశారు. సంకేతాన్ని చెరిపివేశారు. దీపం ఆరిపోయింది. మాస్టారు తృప్తిగా డబ్బు చెల్లించి ఇంటికి వచ్చాడు.

తొమ్మిదవనాడు దీపం మళ్ళీ వెలిగింది.

రెండవ షెడ్డులో వేరే మాట చెప్పారు. ముందు వేసిన సెన్సర్ నాసిరకం సరుకని, అసలైనది వేస్తే ఇబ్బంది ఉండదని అన్నారు. మాస్టారు ఇంకా ఎక్కువ ధర పెట్టి అదీ వేయించాడు. ఈసారి పదిహేను రోజులు గడిచాయి. పదహారవనాడు దీపం యథాస్థానంలో ప్రత్యక్షమైంది. "అయితే కంప్యూటరే పోయి ఉంటుంది" అన్నారు షెడ్డువారు. ఇంజనును నడిపించే ఆ కంప్యూటరు పెట్టె ధర విన్న మాస్టారు ఒక్క క్షణం మాట్లాడలేకపోయాడు. ఆ సొమ్ముతో ఇంట్లో రెండు నెలల మందులు వస్తాయి.

ఇది ఒక్క మాస్టారి అనుభవమే కాదు. దేశమంతటా ఎన్నో షెడ్లలో ఇదే తంతు జరుగుతున్నది. దీపం ఏ వస్తువు పేరు చెబితే ఆ వస్తువును మార్చడం, దీపం మళ్ళీ వెలిగితే మళ్ళీ మార్చడం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు, ఎక్కడో ఉన్న లోపానికి ఆక్సిజన్ సెన్సర్ శిక్ష అనుభవిస్తున్నది. దాని ఖరీదు మాత్రం యజమాని చెల్లిస్తున్నాడు.

పొగలో ఆక్సిజన్‌ను కొలిచే పరికరం

ఈ సెన్సర్ బొటనవేలంత ఉంటుంది. ఇంజను నుంచి కాలిన వాయువులు బయటికి వచ్చే గొట్టానికి దీనిని మరచుట్టుతో బిగిస్తారు. దాని కొన పొగలో మునిగి ఉంటుంది. కాలిన వాయువులలో ఇంకా ఎంత ఆక్సిజన్ మిగిలి ఉన్నదో కనిపెట్టి చెప్పడమే దాని పని.

అది ఎట్లా కనిపెడుతుంది? దాని లోపల జిర్కోనియం ఆక్సైడుతో చేసిన పింగాణీ వంటి పదార్థం ఉంటుంది. దానికి రెండు వైపులా పలుచని ప్లాటినం పూత ఉంటుంది. ఒక వైపు పొగ తగులుతుంది; రెండవ వైపు బయటి గాలి తగులుతుంది. ఈ పదార్థం బాగా వేడెక్కినప్పుడు ఆక్సిజన్ అయాన్లు దాని గుండా ప్రయాణించగలుగుతాయి. రెండు వైపులా ఉన్న ఆక్సిజన్‌లో తేడా ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ విద్యుత్ పీడనం పుడుతుంది. పెట్రోలు ఎక్కువై, పొగలో ఆక్సిజన్ దాదాపు లేకుండా పోతే 0.9 వోల్టు వరకు వస్తుంది. గాలి ఎక్కువై, పొగలో ఆక్సిజన్ మిగిలిపోతే 0.1 వోల్టుకు పడిపోతుంది. నడిమి హద్దు సుమారు 0.45 వోల్టు.

కంప్యూటరు ఈ అంకెను ఎడతెగకుండా చదువుతుంది. అంకె పెరిగితే పెట్రోలు తగ్గిస్తుంది. అంకె తగ్గితే పెట్రోలు పెంచుతుంది. మామూలు పెట్రోలు ఒక కిలో సంపూర్ణంగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ నిష్పత్తి చుట్టూ మిశ్రమాన్ని నిలిపి ఉంచినప్పుడే పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేసి, కార్బన్ మోనాక్సైడును, కాలని ఇంధనపు ఆవిరిని, నత్రజని ఆక్సైడులను హాని తగ్గిన వాయువులుగా మార్చగలదు. సెన్సర్ మాట తప్పితే మిశ్రమం తప్పుతుంది. మిశ్రమం తప్పితే పెట్రోలు వృథా అవుతుంది, పొగ విషమవుతుంది.

దీని వెనుక ఉన్న సూత్రం కొత్తది కాదు. రసాయనిక శక్తికి, విద్యుత్ పీడనానికి మధ్య గల సంబంధాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్టర్ నెర్‌న్‌స్ట్ 1889లో సమీకరణంగా చెప్పాడు. 1920 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు లభించింది. జర్మనీలోని బాష్ సంస్థ ఆ సూత్రాన్ని కారుకు అనువుగా మలచింది. 1976లో అమెరికా విపణికి పంపిన స్వీడన్ దేశపు వోల్వో కార్లలో ఈ సెన్సర్ మొదటిసారి అమరింది. గాలి, ఇంధనాల నిష్పత్తిని సూచించే గ్రీకు అక్షరాన్ని బట్టి దానికి లాంబ్డా సెన్సర్ అనే పేరు కూడా వచ్చింది.

మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. సీసం కలిపిన పెట్రోలు కన్వర్టర్‌ను, సెన్సర్‌ను కూడా పాడుచేస్తుంది గనుక సీసం లేని పెట్రోలు అదే కాలంలో ఆ నగరాలకు వచ్చి, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటికీ విస్తరించింది. భారత్ స్టేజ్ నాలుగు ప్రమాణాలతో పాటు, లోపాన్ని తానే గుర్తించి దీపం వెలిగించే ఏర్పాటు కార్లలో తప్పనిసరి అయింది. మాస్టారి కారు ఆ తరానికి చెందినదే.

సెన్సర్‌కు ఒక నిబంధన ఉన్నది. సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడుకు పైబడి వేడెక్కితేనే అది పనిచేస్తుంది. పొగ వేడితో అంత కాగాలంటే ఆలస్యమవుతుంది. అందుకని దాని లోపల విద్యుత్తుతో వేడెక్కే చిన్న హీటరు అమర్చారు. బ్యాటరీ నుంచి వచ్చే విద్యుత్తుతో అది నిమిషంలోపలే సెన్సర్‌ను సిద్ధం చేస్తుంది. పి0135 అనే సంకేతం ఈ హీటరు మార్గానికి సంబంధించినది.

'మార్గం' అన్న మాటను ఇక్కడ గమనించాలి. బ్యాటరీ, ఫ్యూజు, రిలే, వైరు, సాకెట్టు, హీటరు, అక్కడినుంచి కంప్యూటరు వరకు తిరిగివచ్చే మరొక వైరు - ఇవన్నీ కలిసి ఒక మార్గం. వీటిలో ఏది చెడినా దీపం చెప్పే మాట ఒక్కటే. మాస్టారు వెళ్ళిన రెండు షెడ్లలోను 'హీటరు మార్గంలో లోపం' అన్న మాటను 'సెన్సర్ పోయింది' అని చదివారు.

పాత సంచిలోని సాక్ష్యం

కంప్యూటరు కొనడానికి ముందు మరొకరికి చూపించమని పొరుగింటివారు సలహా ఇచ్చారు. మాస్టారు కారును విజయవాడ ఆటోనగర్‌లోని ఒక పాత షెడ్డుకు తీసుకువెళ్ళాడు. అక్కడి మేస్త్రి అరవై ఏళ్ళు దాటినవాడు. అతడు స్కానర్ తగిలించి చూశాడుగాని సంకేతాన్ని చెరపలేదు. ఒక కాగితం తీసుకుని, దీపం వెలిగిన క్షణాన కంప్యూటరు దాచి ఉంచిన వివరాలన్నీ రాసుకున్నాడు. అప్పుడు ఇంజను బాగా వేడెక్కి ఉన్నది. కారు ఒక మోస్తరు వేగంతో పోతున్నది.

"ఈ దీపం ఎప్పుడు వెలుగుతుంది మాస్టారూ? బండి తీయగానేనా, కొంత దూరం పోయిన తరువాతా?"

"కొంత దూరం పోయిన తరువాతే. ఎక్కువగా గతుకుల రోడ్డు దాటాకనే."

"మొదటిసారి వెలగడానికి ముందు బండికి ఏమైనా పని చేయించారా?"

మాస్టారు ఆలోచించాడు. "ఏమీ లేదు మేస్త్రిగారూ. అంతకు ముందు ఏడాది వానాకాలంలో ఎలుక ఏవో వైర్లు కొరికింది. దారిలో ఒక ఎలక్ట్రీషియన్ అతికి టేపు చుట్టాడు. అది ఎప్పటిమాట!"

మేస్త్రి తల ఊపి, ఆ మాటనూ కాగితంమీద రాసుకున్నాడు. రెండు షెడ్లలోను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగలేదు గనుక మాస్టారికి చెప్పవలసిన అవసరం తోచలేదు.

"పీకేసిన పాత సెన్సర్లు ఏం చేశారు?" అన్నాడు మేస్త్రి.

డబ్బు పెట్టి కొన్న వస్తువు పారవేసే అలవాటు మాస్టారికి లేదు. వెనుక డిక్కీలోని గుడ్డసంచిలో, వార్తాపత్రికలో చుట్టిన రెండు సెన్సర్లు ఉన్నాయి. మేస్త్రి మల్టీమీటరు తీసి వాటి హీటరు కొనలమధ్య నిరోధం కొలిచాడు. తరువాత ఇంజను చల్లారేదాకా ఆగి, కారులో ఉన్న మూడవదానినీ కొలిచాడు. మూడింటిలోను ఆరు ఓములకు కొంచెం అటూ ఇటూ వచ్చింది. ఆ రకానికి ఉండవలసినదీ అంతే. తీగ తెగి ఉంటే అంకె రాదు; లోపల కలిసిపోయి ఉంటే సున్నాకు దగ్గరగా వస్తుంది.

"ఇవి మూడూ మంచివే" అన్నాడు మేస్త్రి.

మాస్టారు ఆ రెండు పొట్లాల వైపు చూస్తూ ఉండిపోయాడు. కారుతో వచ్చిన మొదటి సెన్సర్‌లో కూడా ఏ దోషమూ లేదన్నమాట.

నల్ల టేపు కింద

ఇక మిగిలినది సెన్సర్‌కు విద్యుత్తు అందే దారి. మేస్త్రి ముందుగా ఫ్యూజు చూశాడు, బాగానే ఉన్నది. సెన్సర్ సాకెట్టు ఊడదీసి, ఇగ్నిషన్ వేసి, హీటరుకు విద్యుత్తు తెచ్చే వైరు దగ్గర మీటరు పెట్టాడు. 12 వోల్టులకు పైగా చూపించింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. విద్యుత్తు వస్తున్నది కాబట్టి వైరు మంచిదని, లోపం సెన్సర్‌లోనో కంప్యూటరులోనో ఉన్నదని తీర్మానిస్తారు. ఈ ఒక్క పొరపాటు వల్ల ఎన్ని కార్లలో ఎన్ని మంచి వస్తువులు చెత్తబుట్ట పాలయ్యాయో లెక్కలేదు.

మీటరు తన పనికోసం విద్యుత్తును దాదాపు వాడుకోదు. పది తీగపోగులలో ఒక్క పోగు మిగిలినా, దాని గుండా పీడనం వచ్చి మీటరుకు 12 వోల్టులు చూపిస్తుంది. హీటరు సంగతి వేరు. అది ఒకటి రెండు ఆంపియర్ల విద్యుత్తును లాగుతుంది. అంత ప్రవాహం ఒక్క పోగు మీదుగా రాలేదు. ఊరి చివరి కొళాయికి బొటనవేలు అడ్డుపెడితే నీటి పీడనం గట్టిగానే ఉన్నట్లు తోస్తుంది. వేలు తీసి బిందె పెడితే ధార సన్నగా వస్తుంది. లోపల గొట్టం పూడిపోయిన సంగతి బిందె పెట్టినప్పుడే బయటపడుతుంది.

మేస్త్రి బిందె పెట్టాడు. బ్రేకు దీపానికి వాడే 21 వాట్ల బల్బును ఆ వైరుకు, బ్యాటరీ రుణధ్రువానికి మధ్య కలిపాడు. అంత బల్బు ఇంచుమించు హీటరు లాగినంత విద్యుత్తును లాగుతుంది. బల్బు ప్రకాశవంతంగా వెలిగింది. అప్పుడతడు ఇంజను పక్కనుంచి పోయే వైర్ల కట్టను చేతితో మెల్లగా కదిపాడు. బల్బు ఎర్రబడింది. మళ్ళీ కదిపితే వెలిగింది. మరొకసారి కదిపితే దాదాపు ఆరిపోయింది.

"గతుకుల రోడ్డు ఇదే మాస్టారూ" అన్నాడు.

తరువాత పని తేలిక. మీటరు ఒక కొనను ఫ్యూజు దగ్గర, రెండవ కొనను సాకెట్టు దగ్గర పెట్టి, బల్బు వెలుగుతుండగానే కొలిచాడు. వైరు మంచిదైతే ఈ రెండు చోట్లకు మధ్య తేడా అరవోల్టు కూడా ఉండకూడదు. ఇక్కడ నాలుగు వోల్టులకు పైగా దారిలోనే మాయమవుతున్నది. వైరును సగం సగం చేసుకుంటూ వెళ్ళి, బ్యాటరీ పళ్ళెం కింద నల్ల టేపు చుట్టిన ముడి దగ్గర ఆగాడు. టేపు విప్పాడు. కింద రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉన్నది. ఎలుక కొరికిన చోట రెండు కొనలనూ మెలివేసి, టంకం లేకుండా, టేపు మాత్రం చుట్టారు. ఏడాదిపాటు వాననీరు టేపు అంచులనుంచి దిగింది. ఇంజను వేడికి టేపు జిగురు కరిగింది. ముడి వదులైంది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆ ముడి పనిచేసేది. వేడెక్కి, గతుకులు తగిలినప్పుడు తప్పుకునేది. హీటరుకు విద్యుత్తు చాలడం లేదని కంప్యూటరు గుర్తించి దీపం వెలిగించేది. అది చెప్పినది అక్షరాలా నిజం.

చిలుము పట్టిన భాగాన్ని కోసివేసి, కొత్త వైరు ముక్క వేసి, టంకం పెట్టి, వేడికి ముడుచుకుని నీటిని రానివ్వని తొడుగు బిగించాడు. వైరును వేడి గొట్టానికి దూరంగా క్లిప్పులతో కట్టాడు. మళ్ళీ బల్బు పెట్టి కట్టను కదిపాడు. వెలుగు చలించలేదు. అప్పుడు సంకేతాన్ని చెరిపాడు.

మరి ఇంతకు ముందు రెండుసార్లు దీపం ఆరి, రోజుల తరబడి ఎందుకు వెలగలేదు? లోపం ఒక్కసారి కనిపించగానే కంప్యూటరు సాధారణంగా దీపం వెలిగించదు. దానిని తాత్కాలికంగా రాసుకుని, తరువాతి ప్రయాణంలో కూడా కనిపిస్తేనే వెలిగిస్తుంది. వచ్చి పోయే లోపమైతే ఆ రెండూ వెంటవెంట జరగడానికి రోజులు పడుతుంది. ఈ నడిమి రోజులే యజమానిని మోసగిస్తాయి. దీపం ఆరడం వేరు, రోగం నయం కావడం వేరు. మేస్త్రి ఆ భేదం తెలిసినవాడు. కారును కొన్ని రోజులు నడిపి తిరిగి తెమ్మన్నాడు. అప్పుడు స్కానర్ పెట్టి, హీటరు పరీక్షను కంప్యూటరు పూర్తిచేసిందని, తాత్కాలిక సంకేతాలు కూడా లేవని చూసిన తరువాతనే పని అయిందన్నాడు.

ఒక మీటరు వైరు, టంకం, తొడుగు, రెండు గంటల శ్రమ. మొత్తం ఖర్చు ఒక్క సెన్సర్ ధరలో చిన్న భాగమే అయింది.

దీపం మాటకు అర్థాలు

ఆక్సిజన్ సెన్సర్ పేరుతో వచ్చే సంకేతాలు అన్నీ ఒకే జాతివి కావు. హీటరు గురించి చెప్పేవి ఒక తెగ. వాటికి విచారణ ఫ్యూజు, వైరు, సాకెట్టులతో మొదలుకావాలి.

మిశ్రమంలో గాలి ఎక్కువైనదని చెప్పేవి రెండవ తెగ. సెన్సర్‌కు ముందు పొగగొట్టంలో చిన్న పగులు గాని, చిరిగిన గాస్కెట్టు గాని ఉంటే, పొగ అలలు అలలుగా పోయేటప్పుడు వాటి నడుమ బయటి గాలి లోపలికి చొరబడుతుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి 'గాలి ఎక్కువ' అంటుంది. కంప్యూటరు నమ్మి పెట్రోలు పెంచుతుంది. ఇంజను అవసరం లేని పెట్రోలు తాగుతుంది. ఇంజనులోకి గాలి పోయే దారిలో రబ్బరు గొట్టం పగిలినా, పెట్రోలు పంపు బలహీనపడినా, ఇంజెక్టరు పూడినా ఇదే మాట వస్తుంది. అప్పుడు సెన్సర్ నిజమే చెబుతున్నట్లు.

పెట్రోలు ఎక్కువైనదని చెప్పేవి మూడవ తెగ. కారే ఇంజెక్టరు, మితిమీరిన పెట్రోలు పీడనం, మురికిపట్టిన గాలి కొలిచే పరికరం దీనికి కారణాలు కావచ్చు. ఈ లోపాన్ని చాలాకాలం పట్టించుకోకపోతే కాలని పెట్రోలు కన్వర్టర్‌లో కాలి, అది మితిమీరి వేడెక్కి లోపల కరిగిపోవచ్చు. ప్లాటినం, పెల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలతో చేసినది గనుక దాని ధర సెన్సర్ ధరకు ఎన్నో రెట్లు.

సెన్సర్ మందకొడిగా జవాబు చెబుతున్నదని తెలిపేవి నాలుగవ తెగ. ఇక్కడ సెన్సర్ దోషమే కావడానికి అవకాశం ఎక్కువ. అదీ పరీక్షించి తేల్చవచ్చు. ఇంజను వేడెక్కిన తరువాత సెన్సర్ వోల్టులను తెరమీద చూస్తూ, గాలి దారిలోని చిన్న రబ్బరు గొట్టం ఒకటి ఊడదీస్తే అంకె చటుక్కున పడిపోవాలి. యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కితే చటుక్కున పైకి లేవాలి. రెండింటికీ వెంటనే స్పందించే సెన్సర్ ఆరోగ్యవంతమైనది. ఈ పరీక్ష పాతరకం సెన్సర్లకు వర్తిస్తుంది. కొత్త కార్లలోని విస్తృత శ్రేణి సెన్సర్లు వేరే విధంగా మాట్లాడతాయి గనుక, వాటి అంకెలను ఆ కారు పుస్తకంతో పోల్చి చూడాలి.

సెన్సర్లకూ ఆయుర్దాయం ఉన్నది. హీటరు లేని పాతరకం యాభై నుంచి ఎనభై వేల కిలోమీటర్లకే అలసిపోయేది. హీటరు ఉన్నవి లక్షన్నర కిలోమీటర్లు కూడా పనిచేస్తాయి. ఈలోపల చచ్చిపోతే, చంపినది ఏమిటో చూడకుండా కొత్తది వేయడం దండగ. ఇంజను ఆయిల్ తాగుతుంటే ఆ మసి, రేడియేటరు ద్రవం సిలిండరులోకి కారుతుంటే ఆ లవణాలు, గాస్కెట్టుకు తగని సిలికోన్ జిగురు వాడితే దాని ఆవిరి - ఇవన్నీ సెన్సర్ ముఖానికి పొర కప్పుతాయి. కారణం ఉన్నంతకాలం కొత్త సెన్సర్ కూడా అదే దారి పడుతుంది.

ఇంధనం మారినప్పుడు లెక్క కూడా కొంత మారుతుంది. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉన్నది కాబట్టి, కిలో ఇంధనానికి కావలసిన గాలి 14.7 కిలోలకంటె తగ్గుతుంది. కంప్యూటరు సెన్సర్ మాట విని, అంతే గాలికి కొంచెం ఎక్కువ ఇంధనం పోసి సరిచేసుకుంటుంది. అంతకు ముందే ఏదో చిన్న లోపంతో సవరణ హద్దుకు చేరువలో ఉన్న పాత కారులో, ఈ అదనపు భారంతో దీపం వెలగవచ్చు. అప్పుడు కూడా మొదట వెదకవలసినది ఆ చిన్న లోపాన్నే.

యజమాని చేయదగినవి

దీపం నిలకడగా వెలుగుతున్నప్పుడు, కారు మామూలుగానే నడుస్తుంటే, గాభరాపడనక్కరలేదు. వీలైనంత త్వరలో చూపిస్తే చాలు. దీపం మిణుకు మిణుకుమంటుంటే మాత్రం ఇంజనులో పెట్రోలు మండకుండా బయటికి పోతున్నదని, కన్వర్టర్ ప్రమాదంలో ఉన్నదని సాధారణంగా అర్థం. వేగం తగ్గించి, క్షేమమైన చోట ఆపి సహాయం పిలవడం మంచిది.

దీపం ఎప్పుడు వెలిగింది, ఇంజను చల్లగా ఉన్నదా వేడిగా ఉన్నదా, వాన కురిసిందా, అంతకు ముందు ఏ బంకులో పెట్రోలు పోయించారు, ఏ పని చేయించారు - ఈ సంగతులు ఒక చిన్న పుస్తకంలో రాసి ఉంచడం మేలు. సంకేతపు అంకెను రాసుకోకుండా చెరపనివ్వకూడదు. అది చెరిగితే దానితోపాటు ఆ క్షణపు వివరాలన్నీ చెరిగిపోతాయి. కొత్త వస్తువు వేస్తామన్నప్పుడు "దేనిని కొలిచి ఇది పోయిందని తేల్చారు?" అని మర్యాదగా అడగడం యజమాని హక్కు. తీసిన పాత వస్తువును వెంట తెచ్చుకోవడం కూడా మంచి అలవాటు.

ఇందులో మెకానిక్‌లనే తప్పుపట్టడం న్యాయం కాదు. వస్తువుకు వేలు చెల్లించడానికి సిద్ధపడే యజమాని, గంటసేపు వెదికినందుకు కూలి అడిగితే ముఖం చిట్లిస్తాడు. "ఏమీ మార్చలేదు గదా, డబ్బు దేనికి?" అంటాడు. వెదకడానికి విలువ ఇవ్వని చోట వెదికేవాడు మిగలడు. వస్తువులు మార్చేవాడే మిగులుతాడు.

తెనాలి మాస్టారు ఆ పొరపాటు చేయలేదు. పని ముగిసిన తరువాత మేస్త్రి రాసుకున్న కాగితం అడిగి తీసుకున్నాడు. అందులో వరుసగా ప్రశ్నలు, పక్కన జవాబులు, కింద ఓములు, వోల్టులు, వాటి కింద ఒక గీత, చివర 'ముడి' అన్న ఒక్క మాట. ముప్ఫై ఏళ్ళపాటు పిల్లల లెక్కల పుస్తకాలు దిద్దిన ఆయనకు ఆ కాగితం చదవడం కష్టం కాలేదు. సోపానాలు చూపకుండా జవాబు మాత్రమే రాసిన పిల్లవాడికి ఆయన ఏనాడూ పూర్తి మార్కులు వేయలేదు. మేస్త్రి అడిగిన కూలికి మరికొంత కలిపి చేతిలో పెట్టాడు.

ఆ కాగితం ఇప్పుడు కారు పుస్తకంలో భద్రంగా ఉన్నది. గుడ్డసంచిలోని రెండు సెన్సర్లూ డిక్కీలోనే ఉన్నాయి, ఎప్పుడైనా పనికివస్తాయని. వారానికి రెండుసార్లు కారు విజయవాడ వెళ్ళివస్తున్నది. గతుకుల రోడ్డు దాటేటప్పుడు మాస్టారి చూపు అలవాటుగా ఆ పలకవైపు పోతుంది. దీపం వెలగదు. పక్క సీటులో ఆయన భార్య నిద్రపోతూ ఉంటుంది.